మా నాయన పొగాకు బ్యారన్ కూలగొట్టాలా, నిలబెట్టాలా? (మేరీలాండ్‌లో పాత పొగాకు పొలం చూశాక మొదలైన ఆలోచన)

కొండపి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక దొడ్లో పాత పొగాకు బ్యారన్ ఉంది. బ్యారన్ అంటే పొయ్యి వేడిని గొట్టాల్లో పంపి ఆకును ఆరబెట్టే కొట్టం, ఆ పనినే మేము 'కాల్చడం' అంటాం. 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, ఇటుక గోడలు. 2016 తర్వాత మేము పొగాకు వెయ్యలేదు. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు దాన్ని కొట్టించి ఆ చోట రెండు గదులు వేయిద్దాం అంటున్నాడు అన్నయ్య. మా నాయనకు 74 ఏళ్లు. ఔనూ అనడు, కాదూ అనడు. సాయంత్రం పూట వెళ్లి ఆ గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి వస్తాడు. నాకు అది చూస్తే నిద్ర పట్టడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

అన్నయ్య వాళ్లు అమెరికాలోని వర్జీనియాలో ఉంటారు. 2018 సెప్టెంబరులో నేనూ నాయనా వెళ్లాం. జీవితమంతా 'వర్జీనియా పొగాకు' అంటూ బతికిన మనిషి కదా, ఆ పేరున్న నేల మీద కాలు పెట్టడమే ఆయనకు పెద్ద విషయం. మొదటి వారం జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ చూశాం. ఆ ఇంటి వెనక పచ్చికలో నిలబడితే కింద పొటోమాక్ నది, అవతలి ఒడ్డున అడవి కనిపిస్తాయి. ఆ అవతల, మేరీలాండ్ వైపు ఆకొకీక్ అనే చోట నేషనల్ కలోనియల్ ఫార్మ్ అని ఉందని, 1770ల నాటి మామూలు పొగాకు రైతు బతుకును అక్కడ చూపిస్తారని వదిన చెప్పింది. తర్వాతి శనివారం అక్కడికి పోయాం.

మౌంట్ వెర్నన్ దొరగారి మేడ. ఇది మనలాంటోళ్ల ఇల్లు. చెక్క గోడలు, చిన్న గదులు, వంట చెయ్యడానికి ఇంటికి ఎడంగా వేరే పాక. "నిప్పు భయం ఇక్కడా ఉందన్నమాట, మనకు వంటపాక దూరంగా ఉండేది చూడు" అన్నాడు నాయన. ఆ కాలం బట్టలు వేసుకున్న ఒకామె కదురు మీద ఉన్ని వడుకుతోంది. ఆ గొర్రెలు కూడా పాత రకమేనట, హాగ్ ఐలాండ్ గొర్రెలు అంటారు. నాయన గొర్రె వీపు మీద చెయ్యి పెట్టి వేళ్లు ఉన్నిలో దిగబడేసరికి ఆశ్చర్యపోయాడు. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు కదా, పొట్టి వెంట్రుకలే. ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రటి డెవాన్ ఆవులు. అక్కడ పావుగంట నిలబడ్డాం.

కానీ నేను చెప్పాలనుకున్నది పొగాకు కొట్టం గురించి. బయటి నుంచి చూస్తే చెక్కపలకల గోడలు, పలకకూ పలకకూ మధ్య సందులు. లోపల అడ్డదూలాలకు పొగాకు వేలాడుతోంది. ఆకులు కాదు, మొక్కకు మొక్కే, కాండంతో సహా తలకిందులుగా. నాయన లోపలికి వెళ్లి నేల మీద వెతికాడు. ఏమిటి నాయనా అంటే "పొయ్యి ఏదమ్మా? గొట్టాలేవీ?" అన్నాడు.

అక్కడ పొయ్యి లేదు. ఆ కాలంలో ఆ ప్రాంతమంతా ఆకును గాలికే ఆరబెట్టేవాళ్లు, వారాల తరబడి. చూపించే ఆమె అదంతా ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్తున్నాను. ఆరిన మొక్కల్ని ఎండ రోజు దించకూడదు, ఆకు పొడి పొడి అవుతుంది, గాలిలో తేమ ఉన్న రోజు చూసి దించాలి అని ఆమె అంటోంది. నేను నోరు తెరవకముందే నాయన తల ఊపాడు. ఆమె చేతి కదలికలోనే ఆయనకు అర్థమైపోయింది. మా బ్యారన్‌లో కూడా మంట ఆర్పాక తలుపు తెరిచి పెట్టి, ఆకు మెత్తబడ్డాక తెల్లవారుజామున దించేవాళ్లు.

తర్వాత నాయన ఒక ఆకు చివర పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈనెను రెండు వేళ్ల మధ్య వంచాడు. విరగలేదు, వంగింది. "ఇంకా నాలుగు రోజులు పడుతుందని చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఆమె నవ్వలేదు. మీ నాన్నగారు ఏం చేస్తారు అని అడిగింది. నలభై ఏళ్లు పొగాకు పండించాడని చెప్పగానే మూలనున్న, పొగాకు వేలాడదీసే కర్ర తీసుకొచ్చి ఆయన చేతికిచ్చింది, మీరు ఎలా చేసేవారో చూపించండి అని.

నాయన నేల మీద కూర్చున్నాడు. పురికొస అడిగాడు. రెండేసి మూడేసి ఆకులు పట్టుకుని ఒక గుత్తి కర్రకు ఇటు, ఒక గుత్తి అటు, మెలి వేసి బిగిస్తూ పోయాడు. 66 ఏళ్ల మనిషి చేతులు కావవి. చుట్టూ పదిమంది పిల్లలు చేరారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు ఇద్దరు, వాళ్లతో పాటు మా అన్న కొడుకు. వాడు ఆ రోజుదాకా తాతను టీవీ ముందు కూర్చునే మనిషిగానే చూశాడు.

కారెక్కాక నాయన ఒకే మాట అన్నాడు: "రెండొందల యాభై ఏళ్ల కిందటి కొట్టాన్ని వీళ్లు ఉంచుకున్నారు. మన బ్యారన్‌కు నలభై ఏళ్లు కూడా లేవు."

ఇదీ సంగతి. పొగాకును గొప్ప చెయ్యాలని నాకు లేదు. అది మనుషుల ఊపిరి తీస్తుందని తెలిసే మానేశాం. కానీ మా చుట్టుపక్కల మూడు తరాల పెళ్లిళ్లు, చదువులు, అప్పులు అన్నీ ఆ పొయ్యి ముందే నడిచాయి. ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. నా ప్రశ్న ఏమిటంటే, ఆ బ్యారన్‌ను నిలబెట్టి, ఏడాదికి ఒక్క రోజైనా పిల్లలకు ఆ పని కళ్లముందు చేసి చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరైనా ఇలాంటిది చేశారా? అన్నయ్యకు ఏం చెప్పాలి?

పొటోమాక్ ఒడ్డు:

అమ్మా, నాది కావలి. మేరీలాండ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఇక్కడే ఒక పాత పొలంలో వారాంతాల్లో వాలంటీరుగా చేస్తాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ముందు ఒక మాట. మీ నాయన ఆ రోజు చేసింది చాలు, ఈ పద్ధతి అంతా అదే. ఇళ్లను, పనులను ఇలా బతికించి చూపించడం 1891లో స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్‌తో పెద్ద ఎత్తున మొదలైంది. అమెరికాలో అందరికీ తెలిసింది వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్. అక్కడ ఇటుకల బట్టీ దగ్గర వేసవిలో పిల్లలు చెప్పులు విప్పి గుంటలో బంకమట్టి తొక్కుతారు. ఆ మట్టితోనే ఇటుకలు కోసి, ఆరబెట్టి, తర్వాత కాలుస్తారు. అది నటన కాదు. ఆ ఇటుక నిజంగా గోడలోకి వెళ్తుంది. తేడా అంతా అక్కడే ఉంది. మీరు ఉత్త బ్యారన్ చూపిస్తే పిల్లలు రెండు నిమిషాలు చూసి ఫోన్ తీస్తారు. కర్ర చేతికిస్తే గంట కూర్చుంటారు.

కాబట్టి గోడల కంటే ముందు చేతుల సంగతి చూడండి. వీడియో తీసేటప్పుడు నాయనను కుర్చీలో కూర్చోబెట్టి అడగొద్దు. "ఏముందమ్మా, కట్టేవాళ్లం, కాల్చేవాళ్లం" అని రెండు ముక్కల్లో తేలుస్తారు. బ్యారన్ లోపల నిలబెట్టి, కర్ర చేతికిచ్చి, ముఖం కంటే చేతుల్నే ఎక్కువ తీయండి. ఎదురుగా ఆ పని రాని మనవణ్ణి కూర్చోబెట్టండి. వాడు తప్పు కడతాడు, తాత సరిచేస్తాడు. ఆ సరిచెయ్యడంలోనే అసలు విద్య బయటికి వస్తుంది. మేము ఇక్కడ ముసలి వడ్రంగుల దగ్గర ఇలాగే నేర్చుకున్నాం.

ఇంకో సంగతి, మీ నాయనకు తప్పకుండా చెప్పండి. ఆ కొట్టంలో పొయ్యి ఎందుకు లేదంటే, మన బ్యారన్ పద్ధతి అప్పటికి పుట్టలేదు. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో స్లేడ్ అనే రైతు దగ్గర స్టీఫెన్ అనే బానిస కుర్రాడు ఉండేవాడు. కమ్మరి పని కూడా చేసేవాడు. రాత్రి పొగాకు కొట్టంలో మంట చూసుకోవాల్సినవాడు నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోవచ్చింది. భయపడి కొలిమి దగ్గరున్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పొడి వేడి తగిలి ఆకంతా మెరిసే పసుపు రంగుకు తిరిగింది. ఆ ఆకుకు మార్కెట్లో ఎంతో ఎక్కువ ధర వచ్చింది. ఆ తర్వాతే వేడితో రంగు పట్టించే పద్ధతి పాకి, పొగ ఆకుకు తగలకుండా గొట్టాల్లో వేడిని పంపే బ్యారన్లు బాగా వాడుకలోకి వచ్చాయి. మీ దొడ్లో ఉన్న పొయ్యికి మొదటి నిప్పు వేసింది ఆ కుర్రాడే అనుకోవచ్చు.

పొదిలి మాస్టారు:

అమ్మాయీ, మీ ఆలోచన బాగుంది. నేను రిటైర్డ్ టీచర్ని, మాకూ రెండు బ్యారన్లు ఉండేవి. గొట్టాలు పాత ఇనుముకు అమ్మేశాం, ఇప్పుడు బాధపడుతున్నాను. మీ గొట్టాలు ఉంటే ముందు వాటిని ఎవరికీ ఇవ్వొద్దు.

ముందు పైకప్పు చూడండి. మా వైపు బ్యారన్లు కూలింది వాన నీటికే. కప్పు కారితే దూలాలకు చెద పడుతుంది, ఆకు కర్రలు ఆనించే వాసాలు ఒకటొకటిగా ఊడిపోతాయి. పిల్లల్ని లోపలికి పంపే ముందు మేస్త్రిని పిలిచి ప్రతి వాసం తట్టించాలి. వాడకంలో లేని బ్యారన్‌లో పాములు ఉంటాయి, పొయ్యి గూడు ముందు శుభ్రం చేయించండి.

ఇక నిప్పు. తుప్పు పట్టిన పాత గొట్టాల్లో మంట పెట్టొద్దు, చూపించడానికి కూడా వద్దు. ఒక్క ఆకు జారి కాలుతున్న గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం బూడిదయ్యేది, మన ఊళ్లలో ఏటా వినేవాళ్లం. పొయ్యి నోట్లో బయటే నాలుగు చిల్లకంప కట్టెలు వెలిగించి చూపిస్తే చాలు. ఆ మంటలో గెనుసుగడ్డలు కాల్చి పిల్లలకు పెట్టండి. బ్యారన్ కాలే రోజుల్లో మాకు అదే పండగ.

నిజం పొగాకు ఆకు కూడా వద్దంటాను. వర్జీనియా పొగాకు వెయ్యాలన్నా, బ్యారన్‌లో కాల్చాలన్నా పొగాకు బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్, లైసెన్స్ ఉండాలి. అదీగాక పసిపిల్లల చేతికి పచ్చాకు ఇవ్వకూడదు. బాదం ఆకులు తీసుకోండి. పెద్దగా ఉంటాయి, కాడ ఉంటుంది, పురికొసతో కర్రకు బాగా నిలుస్తాయి. నేను మా మనవరాలితో కట్టించి చూశాకే చెప్తున్నాను.

థర్మామీటర్ ఉందా మీ దగ్గర? బ్యారన్ గోడకు చిన్న అద్దం కిటికీ, లోపల ఆకు ఎత్తులో వేలాడే థర్మామీటర్. అర్ధరాత్రి టార్చిలైటు వేసి ఆ కిటికీలోంచి చూసేవాళ్లం. మొదట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల పెట్టి రంగు పట్టించడం, తర్వాత మెల్లగా పెంచి ఆకు ఆరబెట్టడం, చివరికి 160 దాకా తీసుకెళ్లి ఈనె ఆరబెట్టడం. ఐదారు రోజులు. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే ఆగిపోతుంది, ఆలస్యం చేస్తే మచ్చలు పడతాయి. ఒక్క రాత్రి కునుకు తీస్తే ఏడాది కష్టం పోయేది. సైన్సు మాస్టార్లు ఈ ఒక్కదానితో రెండు పాఠాలు చెప్పొచ్చు. మీ మండలంలోని స్కూలుకు చెప్పండి, ఒక క్లాసు పిల్లలు చాలు.

ఒంగోలు బాబాయ్:

అన్నయ్యను కూడా అర్థం చేసుకోండమ్మా. ఊరికి వస్తే పిల్లలతో పడుకోవడానికి గది లేకపోతే ఆయనా ఏం చేస్తాడు? గదులు దొడ్లో ఇంకో పక్క పడతాయేమో కొలత వేయించి చూడండి. బ్యారన్ ఉన్న చోటే కావాలి అంటున్నాడా, గదులు కావాలి అంటున్నాడా, అది అడగండి ముందు.

టంగుటూరు నుంచి ఒక కూతురు:

అక్కా, నేను ఇలాంటి చోట్ల ఎప్పుడూ రాయను. మీది చదివాక రాయాలనిపించింది.

మా అమ్మ పద్దెనిమిదేళ్లు బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లింది. తెల్లవారకముందే చేలో ఆకు రెలుపు (మొక్క నుంచి ఆకులు తుంచడం), మధ్యాహ్నం నుంచి కర్రకు కట్టడం, సీజన్ చివర గ్రేడింగు. పొద్దున్నే మంచుకు తడిసిన పచ్చాకును చంకలో పెట్టుకుని మోస్తే రవిక తడిసి ఆ పసరు ఒంటికి పట్టేది. ఇంటికొచ్చి తల తిరుగుతోంది అని పడుకునేది, కొన్ని రోజులు వాంతులు. ఎండదెబ్బ అనుకునేవాళ్లం. అది ఆకులోని నికోటిన్ తడి చర్మంలోంచి లోపలికి పోవడం వల్ల అని నర్సింగ్ చదివాకే నాకు తెలిసింది. వేళ్లకు నల్లటి జిగురు అంటుకుని సబ్బుకు పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదుగా ఉండేది. నాకు చిన్నప్పుడు అమ్మ కలిపిన ముద్ద రుచి అంటే ఆ చేదే. ఆమె కట్టిన కూలితోనే నేను చదువుకున్నాను.

మీరు పిల్లలకు చూపించే రోజు పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ ఆ రోజు రైతు ఒక్కడే మాట్లాడితే సగమే అవుతుంది. మీ నాయన కర్ర కట్టడం బాగా చేశారన్నారు, నమ్ముతాను. మీ బ్యారన్‌లో వేల కర్రలు కట్టిన ఆడవాళ్లు ఎవరు? మీకు పేర్లు తెలుసా? పైన అన్న చెప్పిన స్టీఫెన్ సంగతి చదివి ఏడుపొచ్చింది. కనీసం పేరు మిగిలింది. ఆ కాలంలో వేలమంది పేర్లు మిగల్లేదు.

పొటోమాక్ ఒడ్డు:

చెల్లెమ్మా, మీరు చెప్పింది నేను ముందే రాయాల్సింది. ఇక్కడ కూడా చాలా ఏళ్లు యజమాని ఇల్లు, యజమాని మంచం, యజమాని గిన్నెలే చూపించారు. మౌంట్ వెర్నన్‌లో 1799 నాటికి 317 మంది బానిసలుండేవాళ్లు. ఇప్పుడు వాళ్లు ఉన్న గదులు, చేసిన పనులు, దొరికినంతవరకు పేర్లు కూడా చెబుతున్నారు. వాషింగ్టన్ లెక్కకోసం తనే రాసిపెట్టుకున్న జాబితాల్లోంచే ఎక్కువ పేర్లు దొరికాయి. మనకు అలాంటి కాగితాలు దొరకడం కష్టం, కానీ మనుషులు ఉన్నారు. కూలి లెక్కలు రాసిన నోటు పుస్తకాలు కొండపి అమ్మాయి వాళ్ల ఇంట్లో అటక మీద ఉంటే పారెయ్యొద్దని చెప్పండి.

కొండపి అమ్మాయి:

అందరికీ దండాలు. మూడు రోజులుగా జవాబు రాయలేదు, ఊరికి వెళ్లి వచ్చాను.

టంగుటూరు చెల్లీ, నీ మాటలు నాయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి అటక మీద నుంచి గోనెసంచి దించమన్నాడు. అందులో పొగాకు బోర్డు పాసు పుస్తకాల కింద, అట్టలు పోయిన నోటు పుస్తకాలు ఐదున్నాయి. నాయన చేతిరాత. ఒక్కో పేజీలో ఎడమ పక్క పేర్లు, ఎదురుగా ఎన్ని కర్రలు కట్టారో గీతలు, చివర రూపాయలు. ఒకరి పేరు ఎదురుగా గీతలు అన్నిటికంటే పొడుగ్గా పోయాయి. ఎవరు నాయనా అంటే, "ఆమెను మించి కట్టినోళ్లు మన ఊళ్లో లేరమ్మా. నాకు కట్టడం నేర్పింది ఆమే" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ మాట నాకు చెప్పలేదు. మేరీలాండ్‌లో అంతమంది ముందు చూపించిన విద్య ఆమెదన్నమాట. ఆమె ఉంది. పక్క ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది, చూపు తగ్గింది. నిన్న నాయనను బండి మీద ఎక్కించుకుని వెళ్లాం. నాయన మంచం దగ్గర కింద కూర్చుని మాట్లాడాడు. పురికొస ఇస్తే ఆమె చూడకుండానే మెలి వేసి చూపించింది. పిల్లలకు చెప్తావా అవ్వా అంటే, బండి పంపిస్తే వస్తానంది. కూలి ఎంత ఇస్తారని కూడా అడిగింది. ఇస్తామని నాయన చెప్పాడు.

మాస్టారూ, మేస్త్రి వచ్చి చూశాడు. పై వాసాలు నాలుగు మార్చాలి, గోడలు గట్టిగానే ఉన్నాయట. గొట్టాలు ఉన్నాయి, థర్మామీటర్ పగిలింది. మీ దగ్గర పాతది ఏదైనా ఉంటే చెప్పండి, నేనే పొదిలి వచ్చి తీసుకుంటాను.

బాబాయ్, మీరు చెప్పినట్టే అన్నయ్యను అడిగాను. గదులు కావాలి, అంతే అన్నాడు. వేపచెట్టు వైపు కొలత వేయిస్తున్నాం. నోటు పుస్తకం పేజీల ఫొటోలు పంపాను. వాటిని వాడి కొడుకుకు చూపించాడట. ఆ పిల్లాడు ఫోన్ చేసి, ఆ గీతలు ఐదు చొప్పున ఎందుకు కట్టారు అని తాతను అడిగాడు. తాత ఇంకా చెబుతూనే ఉన్నాడు.